వేరే పాకం

ధనుర్మాసం వచ్చిందంటే మా ఊరు ముమ్మిడివరానికి రెండు మైకులు. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై, రాత్రి పొద్దుపోయాక కేరల్స్‌కి బయల్దేరిన కుర్రాళ్ల పాటలు. సూర్యుడు డిసెంబరు 16 ప్రాంతంలో ధనూరాశిలో అడుగుపెట్టి భోగి దాకా అక్కడే ఉంటాడు గనక, క్రిస్మస్ ఏ యేడాదైనా ధనుర్మాసంలోనే పడుతుంది. హరిదాసు అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని తిరిగే వీధిలోనే వెదురు గెడల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతుంటాయి. ఈ నెలంతా మా పెరట్లో పొయ్యి ఆరదు. నేను పిండివంటలు ఆర్డరు మీద చేసిస్తాను. ముందు క్రిస్మస్ వాళ్లవి, తర్వాత జనవరి ఒకటో తారీఖు ప్రార్థనలకి, ఆ తర్వాత పెద్దపండక్కి. జంతికలు, పోకుండలు, సున్నుండలు అన్నీ చేస్తాను గానీ, అందరికీ కావలసింది అరిసెలే.

ఈ పనిలో ఉన్నదాన్ని గనక రెండు ప్రశ్నలు ఏటా నా గుమ్మంలోకి వస్తాయి. ఒకటి, "దేవుడికి పెట్టారాండీ?" రెండోది, "వండేదెవరండీ?" రెండూ తినే ముందు అడిగేవే. రెండింటికీ జవాబు నచ్చకపోతే అడిగినవాళ్లు తినరు. అందుకని చాలామంది వీటిని ఒక గాటన కట్టేస్తారు, మతమూ కులమూ అన్నీ ఒకే రకం పట్టింపులంటారు. ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలేదు నాకు. ఎందుకు కాలేదో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మొదటి ప్రశ్న అడిగినావిడ గవర్నమెంటు ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. ఊళ్లో అందరికీ నర్సమ్మగారు. మా అమ్మాయి పురుడు పోసింది ఆవిడే. నన్ను పిన్నిగారూ అంటారు. మొదటిసారి అరిసెలు ఆర్డరు చెప్పినప్పుడు కాస్త మొహమాటపడుతూ, "ఏమనుకోకండి పిన్నిగారూ, దేవుడి దగ్గర పెట్టినవైతే మేం తినమండీ" అన్నారు.

మా ఇంట్లో మొదటి వాయి ఎప్పుడూ నైవేద్యానికే. మొదటి అరిసె అగ్నికి, తర్వాతివి దేవుడి దగ్గరికి, ఆ పైన మనుషులకి. మా అత్తగారి దగ్గర నేర్చుకున్న వరస అది. నర్సమ్మగారికి ముందే తీసి పెడదామా అంటే దేవుడికి పెట్టేది మిగిలింది అవుతుంది. అది నా మనసుకి కిట్టలేదు. ఆలోచించి ఆవిడ ఆర్డరుకి వేరే పాకం పట్టడం మొదలుపెట్టాను. బియ్యం ఒకటే, బెల్లం ఒకటే, కానీ ఆ పాకంలో పిండి కలిపిన దగ్గర్నించీ డబ్బాలో సర్దేదాకా దానికీ దేవుడి గదికీ సంబంధం లేదు.

చేతులతో చేసే భాగం అంతటితో అయిపోయింది. అసలు చిక్కు తర్వాత వచ్చింది. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు, నువ్వు చేసేదీ తినేదీ ఇచ్చేదీ ఏదైనా నాకే అర్పణగా చెయ్యమంటాడు. ఏ పని చేస్తున్నా మనసులో ఆయన పేరు తలుచుకుని చెయ్యడం నాకు చిన్నప్పటి అలవాటు. పాకం తిప్పుతుంటే పెదవులు వాటంతట అవే కదులుతాయి. మరి నర్సమ్మగారి పాకం తిప్పేటప్పుడు కూడా ఆ నామం వచ్చేస్తే? డబ్బా దేవుడి గదిలోకి వెళ్లలేదు గనక మాట తప్పినట్టు కాదని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆవిడ నన్ను అడిగింది గది గురించి కాదు. ఎవరి పేరున వండానన్నది ఆవిడ ప్రశ్న. మనసులో అర్పించి, పైకి అర్పించలేదని ఇవ్వడం ఆవిణ్ణి మోసం చెయ్యడమే. కాబట్టి ఆ పాకం దగ్గర నేను మనసుని కూడా పట్టుకుంటాను. అది తేలిక కాదు. నా భక్తికి అది తక్కువ అని ఎవరైనా అంటే కాదనను. కానీ నా దేవుడు దొంగచాటుగా పెట్టిన నైవేద్యం కోరతాడని నేను నమ్మను.

తర్వాత ఆవిడ నాకు బైబిలు ఇచ్చి, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక చదవమన్నారు. క్రీస్తు శకం 55 ప్రాంతంలో రాసినదట. కొరింథు గ్రీకుల పట్టణం, వీధికో గుడి. గుళ్లో బలిచ్చిన మాంసం బజారుకి వస్తుంది. కొత్తగా క్రీస్తుని నమ్మినవాళ్లు దాన్ని కొనుక్కోవచ్చా కూడదా అని తగువు. ఎనిమిదో అధ్యాయం నించి పదో అధ్యాయం దాకా పౌలు దీన్ని తిప్పి తిప్పి ఆలోచిస్తాడు. విగ్రహంలో ఏమీ లేదు గనక మాంసానికి దోషం లేదంటాడు. అయినా నువ్వు తినడం చూసి ఇంకొకడి మనస్సాక్షి దెబ్బతింటే మానెయ్యమంటాడు. బజారులో అమ్మేది ఆరా తియ్యకుండా తినమంటాడు. కానీ ఇది బలిచ్చినదని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి కోసం తినవద్దంటాడు. ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తిండిలో ఏముందన్న ప్రశ్నని ఆయన ఎదురుగా కూర్చున్న మనిషి మీదికి తిప్పేశాడు.

చదివాక నర్సమ్మగారిని అడిగాను, "ఆరా తియ్యొద్దన్నాడు కదండీ మీ పౌలు? మీరెందుకు అడిగారు?" అని. "అడక్కపోతే మీరు చెప్పరు కదండీ. తెలీకుండా తినేస్తే నాకే దోషమూ లేదు. కానీ రోజూ మొహాలు చూసుకునే వాళ్లం, మీకు తెలిసిన సంగతి నాకు తెలీకుండా ఉండడం నాకిష్టం లేదు" అన్నారావిడ.

మా వాళ్లలో కొందరు మంచి మనసుతోనే అంటారు, దేవుళ్లందరూ ఒక్కటే కదా, ప్రసాదం తింటే ఏం పోయిందీ అని. నేనూ నమ్ముతాను, దేవుడు ఒక్కడేనని. కానీ అది నా నమ్మకం. దాన్ని ఆవిడ ముందు పెట్టి, ఇది ఒప్పుకుంటే నీకు ఇబ్బంది ఉండదు అనడమంటే, ముందు నా మతంలోకి వచ్చి ఆ తర్వాత నా అరిసె తినమన్నట్టే. అన్ని దారులూ ఒకటేననే మనిషికి అందరినీ ఆదరిస్తున్నాననే తృప్తి ఉంటుంది. ఎదుటి మనిషి నా దారి వేరు అంటున్న మాట మాత్రం వినిపించదు. నాకు ఆ మాట వినిపించింది. వేరుగానే ఉంచి, పక్కనే ఉండాలనుకున్నాను.

అసలు తిననంటే మనకెందుకంత కోపం రావాలి? మా అత్తగారు మడి కట్టుకుని వండేవారు. తడిబట్ట ఆరేసిన దండెం నేను తాకితే మళ్లీ తడిపేవారు. నా చేతి వంట కొన్నిరోజులు ముట్టేవారు కాదు. ఆవిణ్ణి ఊరంతా నిష్ఠాపరురాలని మెచ్చుకుంది. నర్సమ్మగారు ప్రసాదం వద్దంటే మాత్రం వీళ్లకి పొగరు అన్నవాళ్లని నా చెవులతో విన్నాను. మన పట్టుదలని ఆచారమనీ, అవతలివాళ్లదాన్ని మొండితనమనీ అనుకోవడం న్యాయం కాదు.

2020లో వైకుంఠ ఏకాదశి సరిగ్గా డిసెంబరు 25నే వచ్చింది. కరోనా రోజులు, గుళ్లోనూ చర్చిలోనూ మాస్కులే. ఉత్తర ద్వార దర్శనం చేసుకుని ఇంటికొచ్చేసరికి నర్సమ్మగారి మనవరాలు కేరియరుతో గుమ్మంలో ఉంది. కొబ్బరన్నం, బూరెలు. మాకోసం గుడ్డు తగలకుండా వేరే మూకుట్లో చేయించారట. ఆ రోజు నేను అన్నం ముట్టను. పిల్లకి ఎలా చెప్పాలో తెలియలేదు. ఇవాళ నేను తినకూడదమ్మా అంటే ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఇన్నేళ్లుగా నర్సమ్మగారు నా గుమ్మంలో నిలబడి పడ్డ మొహమాటం ఎలా ఉంటుందో ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఫోను చేశాను. ఆవిడ నవ్వేశారు. "ఏకాదశని తెలుసు పిన్నిగారూ. అన్నం మీ పనివాళ్లకి పెట్టేయండి. బూరెలు రేపటికి నిలవుంటాయిలెండి, ద్వాదశి పారణకి తినండి" అన్నారు. నా ఉపవాసం ఆవిడకి గుర్తుంది. ఆవిడ దృష్టిలో నా దేవుడు దేవుడు కాడు. అయినా పారణ ఎప్పుడో ఆవిడకి తెలుసు.

ఆవిడకీ సొంతింట్లో ఈ బాధ ఉంది. అల్లుడుగారిది హెబ్రోను సంఘం, భక్తసింగ్ గారి బోధలో పెరిగిన కుటుంబం. ఆ సంఘాల్లో చాలామంది క్రిస్మస్ చెయ్యరు. ఏసు పుట్టిన తారీఖు లేఖనాల్లో లేదు, లేనిదాన్ని మనమెందుకు పెట్టుకోవాలంటారు. వియ్యపురాలు నక్షత్రం కట్టనివ్వదు, సరుగుడు కొమ్మ తెచ్చి అలంకరించనివ్వదు. అందుకే నర్సమ్మగారు కూతురికి పంపే అరిసెలు డిసెంబరు 25కి కాకుండా జనవరి ఒకటికి వెళతాయి. ఇది ఇవాళ పుట్టిన వాదమూ కాదు. అమెరికాలో మసాచుసెట్స్ వలసలో 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్లకి అయిదు షిల్లింగుల జరిమానా వేసే చట్టం తెచ్చారు, 1681 దాకా అది నడిచింది. తెచ్చినవాళ్లు పరమ భక్తులైన క్రైస్తవులే. డిసెంబరు 25 అనే తారీఖు రోములో 354లో కూర్చిన ఒక పట్టికలో మొదట కనిపిస్తుంది. అప్పటి రోమన్ల లెక్కలో సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజు అదే.

మన సంక్రాంతిదీ సూర్యుడి లెక్కే. నిజానికి సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మన పంచాంగం నక్షత్రాలని బట్టి నడుస్తుంది గనక, భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల డెబ్బై రెండేళ్లకి ఒక రోజు చొప్పున వెనకబడుతూ ఇప్పుడు మకర సంక్రమణం జనవరి 14, 15కి వస్తోంది. మా నాన్నగారు ఇది చెప్పినప్పుడు, మరి మనం పండగ తప్పు రోజున చేస్తున్నామా అని బెంగపడ్డాను. ఆ బెంగ ఇప్పుడు లేదు. రుజువుల కోసం ఎవరూ పండగ చెయ్యరు.

దూదేకుల కుటుంబం ఒకటి పరుపులు కుట్టడానికి చలికాలంలో మా వీధికి వస్తుంది. ముస్లింలే అయినా వాళ్ల ఇంటిభాష తెలుగే. వాళ్ల పండగలకి చలికాలమని లేదు. చాంద్రమానం సంవత్సరానికి సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనక రంజాన్ అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. 2000 సంవత్సరంలో క్రిస్మస్ అయిన మూడో రోజు, డిసెంబరు 28న రంజాన్ పండగ వచ్చింది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి రంజాన్ నెల మొదలవుతుంది. వాళ్లకి కూడా అల్లా పేరున కాక వేరే పేరున అర్పించినది నిషిద్ధమే. వాళ్లకిచ్చేదీ వేరే పాకమే.

కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద వచ్చి కలుసుకుంటారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నదిలో దిగి, నీళ్లలోంచి మనుషుల భుజాల మీద అవతలి గట్టు ఎక్కుతాయి. చేలో పంట ఉన్నా ప్రభలు తొక్కుకుంటూ పోతే రైతు బాధపడడు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ తీర్థమే. నర్సమ్మగారి మనవలు జీళ్లకీ ఖర్జూరాలకీ ఆ తీర్థానికి పోతారు. ఆవిడ ఆపరు. "చూడ్డం వేరు, మొక్కడం వేరు కదండీ" అంటారు. నేనూ ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్లి, 1846లో కట్టిన ఆ పాత కేథలిక్ చర్చిలో క్రిస్మస్‌కి పేర్చిన పశువులపాక చూసి వస్తుంటాను. బొమ్మల కొలువు పెట్టే చేతులకి ఆ గడ్డి, ఆ గొర్రెపిల్లలు, ఆ పసిబిడ్డ ఎంత ముచ్చటగా ఉంటాయో. మొక్కను. చూస్తాను.

ఇంతవరకూ మొదటి ప్రశ్న సంగతి. రెండోదాని దగ్గరికి రావడానికి నాకు చెయ్యి కాస్త బరువుగానే ఉంది.

అరిసె ఎక్కణ్ణించి వస్తుంది? కొత్తబియ్యం లోంచి. కొత్తబియ్యం ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లలోంచి. 1847 నించి 1852 దాకా కాటన్ దొర ఆ ఆనకట్ట కట్టించేటప్పుడు రాళ్లు మోసిన కూలీల మధ్య సువార్త ప్రకటన చేసినవాళ్లలో మిషనరీ బౌడెన్ ఉన్నారు. ఆయనా, జార్జి బీరూ 1836లో ఇంగ్లండు నించి వచ్చి నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషను నిలబెట్టారు. అంటే ఈ డెల్టాలో వరీ వాక్యమూ ఇంచుమించు ఒకే కాలంలో పాకాయి. ఆ వరి కోసిన చేతుల్లో ఎక్కువ భాగం దళిత పేటలవి. కుప్పనూర్చి, గాదెలు నింపి, సంక్రాంతికి చేటెడు కొలిపించుకుని పోయిన చేతులు. ఆ గింజ ఇంట్లోకి వచ్చేదాకా ఎవరు కోశారని ఏ ఇల్లూ అడగలేదు. పిండి అయ్యాకే ప్రశ్న మొదలవుతుంది.

మా ఊరికి దేశమంతా పేరు తెచ్చిన బాలయోగీశ్వరులు దళిత కుటుంబంలో పుట్టారు. ఏడాదికొక్కసారి, మహాశివరాత్రి నాడు దర్శనం ఇచ్చేవారు. 1985లో ఆయన దేహం చాలించేదాకా, ఆ ఒక్క రోజుకి ఎక్కడెక్కణ్ణించో రైళ్లూ బస్సులూ పడవలూ ఎక్కి జనం వచ్చేవారు. నేనూ ఆ క్యూలో నించున్నాను. నా ముందూ వెనకా అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. కళ్ల నీళ్లు పెట్టుకుని చేతులు జోడించినవాళ్లే ఇంటికెళ్లాక పేట మనిషికి వేరే గ్లాసు పెట్టడమూ చూశాను. భక్తి అబద్ధం అని నేననను. ఆ కన్నీళ్లు నిజమే. కానీ ఆ భక్తి వాళ్ల గుమ్మం దాకా రాలేకపోయింది.

1996 నవంబరు 6 తుపాను మా తీరాన్ని చదును చేసి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు, కొన్నాళ్లు ఎవరు వండినా అందరూ తిన్నారు. బళ్లో ఒక గాడిపొయ్యి, చర్చి ఆవరణలో ఒక గాడిపొయ్యి. అప్పుడు కూడా ఒకళ్లిద్దరు పెద్దవాళ్లు దేవుడికి పెట్టారా అని మెల్లగా అడిగారు, పెట్టలేదంటే తిన్నారు. ఆ సంక్రాంతికి పండగ లేదు, కొబ్బరిచెట్లు కూలి ఊరంతా ఎండ పడుతుండేది. మళ్లీ ఏడాదికి రెండో ప్రశ్న తిరిగి వచ్చేసింది. 2022 మే 24న, మా జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద రేగిన గొడవలో అమలాపురంలో అప్పటి మంత్రిగారి ఇంటికీ మా నియోజకవర్గం అప్పటి ఎమ్మెల్యేగారి ఇంటికీ నిప్పు పెట్టారు. ఆ పొగ ఏ మతం తగువుదీ కాదు. దేవుడి పేరు అక్కడ ఎవరూ ఎత్తలేదు.

అందుకే అంటున్నాను, ఈ రెండు నిరాకరణలూ ఒకటి కావని. నర్సమ్మగారు వద్దన్నప్పుడు నేను చెయ్యగలిగినది ఒకటుంది. వేరే పాకం పడితే చాలు, మా అరుగు మీద కూర్చుని, మా గ్లాసుతో మంచినీళ్లు తాగి, అరిసె తుంచి నోట్లో వేసుకుంటారు. ఆవిడ కాదన్నది నా పూజని, నన్ను కాదు. వండేదెవరని అడిగేవాళ్లకి ఏ పాకం పట్టను? బెల్లం మార్చినా, నెయ్యి పోసినా, గుళ్లో పెట్టి తెచ్చినా వాళ్ల అభ్యంతరం పోదు. వాళ్లు కాదంటున్నది మనిషిని. దానికి వంటింట్లో మందు లేదు.

నాస్తికుడు గోరా గారు ఈ చిక్కుని ఇంకోలా విప్పారు. దేవుడి మీద రాసిన వ్యాసానికి 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. తర్వాత కృష్ణా జిల్లా ముదునూరులో పున్నమి రాత్రుళ్లు అన్ని కులాలనీ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించారు. దేవుణ్ణి తీసేస్తే ఇద్దరి మధ్యా అడ్డు ఉండదన్నది ఆయన ఆలోచన. ఆయన ధైర్యానికి నమస్కారం పెడతాను, దారి మాత్రం నాది కాదు. నా దేవుణ్ణీ నర్సమ్మగారి దేవుణ్ణీ తీసేసినా రెండో ప్రశ్న ఇంకా గుమ్మంలోనే ఉంటుందని నా భయం. దేవుణ్ణి నమ్మని ఇళ్లలో కూడా పెళ్లి సంబంధాలు కులం చూసే కుదరడం నేను ఎరుగుదును.

నా దగ్గర పిండి దంచేదీ, అరిసెలు వత్తేదీ పేట నించి వచ్చే ఇద్దరు అక్కచెల్లెళ్లు. పాకం ఒక్కటే నేను పడతాను, ఉండపాకం సరిగ్గా ఏ క్షణంలో దింపాలో ఇంకా ఎవరికీ వదల్లేదు. తక్కినదంతా వాళ్ల పనితనమే. కొబ్బరి డొక్కల మంట మీద మూకుడు వేడి చూసుకుని, అరిసె పొంగీ పొంగకుండా తీసి, చెక్కల మధ్య నూనె నొక్కేసే ఒడుపు నాకు లేదు. క్రిస్మస్ వారం వాళ్లకి సెలవు. సంక్రాంతి వాయి దేవుడికి పెట్టేటప్పుడు వాళ్లు పెరట్లోనే ఉంటారు. రమ్మనను, వాళ్లు రారు, అందులో ఎవరికీ నొప్పి లేదు.

ఆమధ్య ఓ సంక్రాంతికి పెద్ద ఆర్డరు వచ్చింది. కొత్తల్లుడికి సారె, వందల్లో అరిసెలు. బెల్లం దిమ్మలు దింపించాక ఫోను మళ్లీ మోగింది. "ఏవండీ, వండేదెవరండీ?" చెప్పాను. అటుపక్క కాసేపు మాట లేదు. "మాకు మట్టుకు మీరొక్కరే స్వయంగా చేసేస్తే..." అన్నారు. "ఆ అరిసె నాకు రాదండి, వాళ్లకే వచ్చు" అన్నాను. ఆర్డరు పోయింది. ఆ ఇద్దరిలో చెల్లెలు ఫోనులో మాటంతా విన్నది. ఏమీ అనలేదు, జల్లెడ పట్టుకుని పిండి జల్లిస్తూనే ఉంది. కాసేపయ్యాక అక్క మాత్రం, "ఈ బెల్లం ఎలాగూ అమ్ముడైపోద్దిలెండి అమ్మా" అని నన్నే ఓదార్చింది. ఓదార్చవలసినదాన్ని నేను. నాకు మాట రాలేదు.

ఆ బెల్లం అమ్ముడైపోయింది, నిజమే. అప్పట్నించీ ఆర్డరు చెప్పేవాళ్లకి ధరకంటే ముందు ఇద్దరి పేర్లూ నేనే చెప్పేస్తున్నాను. కొందరు మళ్లీ చేస్తామని పెట్టేస్తారు, చెయ్యరు. చేసేవాళ్లని అప్పుడు నేను అడుగుతాను, దేవుడికి పెట్టినవి కావాలా, పెట్టనివి కావాలా అని.